ఆలస్యానికి కారణం

ఏడేళ్లుగా ఒక ఉత్తరం మోస్తున్నాను. కాగితం కూడా కాదు, కంప్యూటర్లో పడి ఉన్న మెయిలు. తూకం వేస్తే గ్రాము తూగదు. అయినా పొద్దున లేచి అద్దం ముందు నిలబడితే నా ముఖం కంటే ముందు అదే కనిపిస్తుంది. నా భార్యకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఈ రాతతో పనేముంది?

నేను నంద్యాలలో ఒక డిగ్రీ కాలేజీ గ్రంథాలయ అధికారిని. ఈ నెలాఖరుకు రిటైరవుతున్నాను. సర్వీసంతా ఒక్క పుస్తకం కూడా పోనివ్వలేదని నాకు పేరు. నిజమే, మా బీరువాల్లోంచి ఏదీ పోలేదు. నా వల్ల పోయిన పుస్తకం ఇంకొకరిది. దానికి రెండో ప్రతి లేదు.

మా కాలేజీలో ఒక వాడుక ఉంది. అధ్యాపకులు వ్యాసాలు రాస్తారు, వాటిని పరిశోధన పత్రికలకు పంపే పని నాది. ఖాతా తెరవడం, పాస్‌వర్డు పెట్టడం, ఓటీపీ కొట్టడం, ‘అంగీకరిస్తున్నాను’ అని వచ్చిన చోటల్లా నొక్కడం, అన్నీ నేనే. పత్రికవాళ్లు జవాబులు రాసేది కూడా గ్రంథాలయం మెయిలుకే. ‘సార్ చేయి పడితే పనైపోయినట్టే’ అనేవాళ్లు. ఆ పొగడ్తకు పడిపోయాను. నొక్కేముందు పైన ఏం రాసుందో ఒక్కసారీ చదవలేదు. ఎవరు చదువుతారండీ? మీరు చదువుతారా? ఇదిగో, అప్పుడే మిమ్మల్ని నా పక్కకు లాగుతున్నాను. వద్దు. నేను చదవలేదు, అంతే.

సుభద్ర మేడం మా కాలేజీలో చరిత్ర చెప్పేవారు. సొంతూరు శిల్పులుండే ఆళ్లగడ్డ. చిన్నప్పటి నుంచి ఉలి చప్పుడు వింటూ పెరిగిన మనిషి. అక్కడ వీరాచారి అనే పెద్ద శిల్పి దగ్గర తాతల నాటి నోటు పుస్తకాలు రెండు ఉండేవి. ఒకటి కొలతల పుస్తకం. విగ్రహానికి ముఖం ఎంత ఉంటే మెడ ఎంత ఉండాలి, మోకాలు ఎక్కడ రావాలి, అదంతా అందులో ఉంటుంది. రెండోది రాళ్ల పుస్తకం. ఉలితో తడితే ఏ రాయి గంటలా పలుకుతుంది, ఏది మధ్యలో పగులుతుంది, రాయిలో నరం కనబడితే కొలత ఎలా సర్దుకోవాలి, అవీ దాని సంగతులు. ఆ పుస్తకాల కోసం ఎంతోమంది తిరిగారట. ఆయన ఎవరికీ చూపలేదు. సుభద్ర మేడంకు మాత్రం ఒక షరతు మీద కొలతల పుస్తకం తెరిచాడు. ఆమె రాసేది ఆళ్లగడ్డలో ఉలి పట్టిన ప్రతివాడికీ ఊరికే చదువుకోడానికి దొరకాలి. అట్లా దొరికిన రోజున రాళ్ల పుస్తకం కూడా ఇస్తాను అన్నాడు. ఆమె మాటిచ్చింది.

ఆయన పెదనాయన ఒకాయన విద్య ఎవరికీ చెప్పకుండా పోయాడట. ఆ కోపం ఈయనకు ముసలితనంలో కూడా చల్లారలేదు. అందుకే ఆ షరతు.

మేడం నాలుగేళ్లు తిరిగి వ్యాసం రాసింది. చేత్తో రాసినది నేను టైపు చేశాను. బొమ్మలు నేను స్కాను చేశాను. పత్రికకు పంపాను, ఒప్పంద పత్రం వస్తే నొక్కాను, అచ్చుకు ముందు సరిచూడమని పేజీలు పంపితే ‘అంతా సరే’ అని అదీ నొక్కాను. వ్యాసం అచ్చయింది. పత్రిక పేరున్నది. కాలేజీలో స్వీట్లు పంచారు.

అచ్చయిన వ్యాసం చివర కృతజ్ఞతలు చూశాను. వీరాచారి పేరుంది. ప్రిన్సిపాల్ పేరుంది. నా పేరు లేదు.

చిన్న విషయం అంటారు. నేనూ అప్పుడు అట్లాగే నవ్వేశాను. నోట్లో లడ్డూ ఉంది కదా, ఆ తీపిలో కనబడలేదు. తరువాత లోపల ఎక్కడో ముల్లు దిగినట్టు అనిపించింది. వంద పేజీలు టైపు చేసిన చేయికి ఒక్క ముక్క రాయలేకపోయిందా అనుకున్నాను. ఆమెతో అనలేదు. అని ఉంటే ఈ కథే ఉండేది కాదు. ఆ సంగతి తరువాత చెబుతాను.

ఆ నెలలోనే స్టాఫ్ మీటింగు. తనిఖీకి వచ్చేవాళ్లు చూస్తారని కాలేజీకి ఒక రిపాజిటరీ పెట్టించారు. మా అధ్యాపకుల వ్యాసాలు ఎవరైనా, ఎక్కడి నుంచైనా, పైసా కట్టకుండా చదువుకోగలిగే వెబ్‌సైటు అది. దాన్ని నడిపేది నేనే. సుభద్ర మేడం లేచి, తన వ్యాసం అందులో పెట్టమంది. పత్రిక వెబ్‌సైటులో తెరవబోతే డబ్బు అడుగుతోందనీ, ఆళ్లగడ్డవాళ్లు ఎవరూ చదవలేకపోతున్నారనీ చెప్పింది.

నాకు తెలిసింది ఎంత? ఎక్కడో ఒక శిక్షణలో, భోజనాల తరువాత కునుకు తీస్తూ, ఎవరికో పత్రికవాళ్లు నోటీసు పంపారని విన్నాను. అంతే నా చట్టజ్ఞానం. దాన్నే పట్టుకుని కొండంత రాగం తీశాను. ఒకసారి సంతకం అయ్యాక వ్యాసం మీద రాసినవాళ్లకు హక్కేమీ ఉండదని, పెడితే కాలేజీ మీద కేసు పడుతుందని చెప్పాను. ‘నేను రాసింది నేను పెట్టుకోగూడదా సార్?’ అని ఆమె అడిగింది. ‘కూడదు మేడం’ అన్నాను. అందరూ తలలూపారు. ఆ రోజు నుంచి స్టాఫ్ రూములో నాకు ‘లా పాయింటు’ అని పేరు.

అప్పటికి అది తెలియక చేసిన తప్పు. దాన్ని మోయడం కష్టం కాదు. నేను మోస్తున్నది దాన్ని కాదు.

ఏడాది దాటింది. ఒకరోజు ఎవరిదో పాస్‌వర్డు పోయిందని పాత మెయిళ్లు వెతుకుతున్నాను. సుభద్ర మేడం పేరుతో తెరవని మెయిలు ఒకటి తగిలింది. పత్రిక ఆఫీసు నుంచి, వ్యాసం అచ్చయిన రోజున వచ్చినది. తెరిచాను. జీవితంలో మొదటిసారి ఒప్పందం గురించి చివరిదాకా చదివాను. మేము అచ్చువేసిన పేజీలను మీరు పెట్టకూడదు. కానీ మాకు పంపిన మీ సొంత ఆఖరి రాతప్రతిని, అచ్చయిన ఏడాది తరువాత, మీ సంస్థ నడిపే ఉచిత రిపాజిటరీలో పెట్టుకోవచ్చు. ఆ హక్కు రచయితగా మీ దగ్గరే ఉంటుంది. ఇంకే అనుమతీ అక్కర్లేదు. అదీ దాని సారం.

గుండెల్లో రాయి పడింది. ఎదురుగా రీడింగు రూములో పిల్లలు పేపరు చదువుకుంటున్నారు. వాళ్లలో ఎవరైనా తల ఎత్తి నన్ను చూస్తే కనిపెట్టేస్తారేమో అని భయం వేసింది. ఆ రాతప్రతి ఎక్కడో లేదు, అదే కంప్యూటర్లో ఉంది. ఏడాది గడువు కూడా అయిపోయింది. పైకెక్కించడానికి ఐదు నిమిషాలు చాలు.

మెయిలు మూసేశాను. ఎందుకు మూశాను? రేపు చెబుదాంలే అనుకున్నాను. మీటింగులో అంత గొప్పగా చెప్పినవాణ్ని, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని తప్పని చెప్పేది? ‘లా పాయింటు’ అని పిలిచిన నోళ్లే రేపు ఏమంటాయి? రేపు కాదు, ఎల్లుండి. ఇట్లా వారం గడిచింది.

ఆ వారం చివర సుభద్ర మేడం గ్రంథాలయానికి వచ్చింది. వీరాచారి కబురు పెట్టాడట. కోడలు ఫోన్లో వెతికితే డబ్బు కట్టమని వస్తోంది, ఏందీ సంగతి అని అడిగాడట. ‘నా మాట నమ్మడం లేదు సార్. మీరొచ్చి ఒక్కమాట చెప్తే నమ్ముతాడు’ అంది. అప్పుడే చెప్పేయొచ్చు. నోరు తెరిచాను కూడా. వచ్చిన మాట మాత్రం ‘వస్తాను మేడం, ఆదివారం పోదాం’.

ఆళ్లగడ్డలో రోడ్డు పక్క రేకుల కొట్టం. లోపలంతా తెల్లటి దుమ్ము. వీరాచారి కోడలు రాజ్యం ఒక మూల నందికి పాలిషు పెడుతోంది. ఆయన సగం చెక్కిన అమ్మవారి ముందు కూచుని ఉన్నాడు. పక్కన పాత రేకు పెట్టె. మూత తీసి ఉంది. అందులో అట్ట చిరిగిన పుస్తకం కనిపించింది. రాళ్ల పుస్తకం. ఆయన దాన్ని బయటికి తీసి పెట్టుకున్నాడు, చూశారా. ఇద్దామనే తీసి పెట్టుకున్నాడు.

“నువ్వేనా అప్పా పుస్తకాలాయన?” అన్నాడు.

“అవును పెద్దాయనా.”

“కూచో. పాప ఏందో చెప్తాంది, నాకు తలకెక్కల్యా. పుస్తకం మాది. రాసింది పాప. మధ్యలో బీగమేసిందెవురు?”

“పత్రికవాళ్లు పెద్దాయనా. వాళ్లు అచ్చేసినంక అది వాళ్లదే.”

ఆయన ఉలి కింద పెట్టాడు. చేతులు తుండుకు తుడుచుకున్నాడు.

“ఇను. మేము గుడికి స్వామిని చెక్కి ఇస్తాం. ఇచ్చినంక స్వామి గుడిది. మళ్లా పోయి, నేను చెక్కింటి, ఎత్తుకపోతానంటే తంతారు. న్యాయమే. కానీ చెక్కకముందు నేల మీద సున్నంతో గీత గీసుకుంటా సూడు. ఆ గీత ఎవురిది?”

నేను నేల వైపు చూశాను.

“ఎవురిదప్పా?”

“మీదే” అన్నాను.

“మరి పాప రాసుకున్న కాగితాలుంటాయి గదా, అచ్చుకు పోకముందుటివి. వాళ్ల అచ్చు వాళ్ల దగ్గరే పెట్టుకోనీ. పాప కాగితాలు మీ కాలేజీ దాంట్లో పెట్టేకి కాదా?”

మీకు ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. కంప్యూటరు ముట్టనివాడు, ఒప్పందం అనే మాట వినని మనిషి, ఆ మెయిల్లో ఉన్న షరతును ఉన్నదున్నట్టు నా ముఖం మీద చెబుతున్నాడు. ఎవరో చదివి వినిపించారేమో అని ఒక్క క్షణం అనుమానం కూడా వచ్చింది. ఎవరు వినిపిస్తారు? దాన్ని చదివినవాణ్ని భూమ్మీద నేనొక్కణ్నే. సుభద్ర మేడం నా వైపు చూస్తోంది. ఆ చూపులో ఆశ ఉంది. ఔనని ఒక్కమాట అంటే చాలు. ఇద్దరు మనుషులు గెలుస్తారు. నేను ఓడిపోతాను, అదీ కాసేపే, స్టాఫ్ రూములో నాలుగు నవ్వులు.

“కాదు పెద్దాయనా. చట్టం ఒప్పుకోదు” అన్నాను.

నా గొంతు వణకలేదు. ఇప్పటికీ నాకు అదే వింత. కొంచెం వణికి ఉంటే ఆయన పట్టేసేవాడు. రాయిలో పగులు చప్పుడుతో పట్టేవాడు కదా.

మేడం సంచిలోంచి వ్యాసం ప్రింటు తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన ముట్టలేదు.

“నాకెందుకు పాపా ఇది? నాకు కండ్లే ఆనవు. నేను అడిగింది నా కోసరమా? ఉలి పట్టుకున్నోడు ఎవుడైనా సూసుకుంటాడని గదా నువ్వు మాటిస్తివి.”

ఆమె ఏడవలేదు. తల వంచుకుని, “మాట పోయింది పెద్దాయనా” అంది.

ఆయన రాళ్ల పుస్తకం పెట్టెలో పెట్టి మూత వేశాడు. “పో పాపా. బేగా పోండి, బస్సు పోతాది.” తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

తిరుగు బస్సు శిరివెళ్ల దాటింది. అప్పుడు ఆమె నా వైపు తిరిగి, “మీరు రాకపోయింటే నేను అబద్ధం చెప్తాండానని అనుకునేవాడు సార్. వచ్చినారు, చాలు” అంది. నేను కిటికీలోంచి శనగ చేలు చూస్తూ కూచున్నాను. నంద్యాల వచ్చేదాకా ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

ఆ తరువాత ఆమె ఇంకే వ్యాసం రాయలేదు. పాఠం చెప్పి ఇంటికి పోయేది. ఆళ్లగడ్డలో పుట్టింటికి పోయినా ఆ రోడ్డున పోవడం లేదని ఎవరో అన్నారు. ఊళ్లో మాట తప్పిన మనిషని పేరు వచ్చిందట. ఆ పేరు నాది. ఆమె మోసింది.

మూడేళ్లకు కాలేజీలో సరస్వతి విగ్రహం పెట్టాలనుకున్నారు. ఆర్డరు ఇచ్చి రమ్మని నన్నే పంపారు. వేరే కొట్టానికి పోవచ్చు కదా, నా కాళ్లు ఆ కొట్టం ముందే ఆగాయి. రాజ్యం గుర్తుపట్టింది. మామ పోయి రెండు నెలలైందని చెప్పింది. నేను ఊరుకోలేక, రాళ్ల పుస్తకం ఎవరి దగ్గరుంది అని అడిగాను.

“ఇంగెక్కడి పుస్తకమన్నా. బీగాలేసే చోటికి పోయేకన్నా నాతోనే రానీ అన్న్యాడు. సమాధిలో పక్కనే పెడితిమి. మా ఆయనకు చేతికొచ్చినంత వచ్చు, పుస్తకంలో ఉన్నంత రాదు” అంది. ఆగి, “నువ్వే గదన్నా ఆ పొద్దు చెప్తివి, చట్టం ఒప్పుకోదని” అంది.

నిష్ఠూరం లేదు ఆ గొంతులో. ఏదో తెలిసిన సంగతి గుర్తుచేసినట్టు అంది. పక్కనున్న రాతి దిమ్మ పట్టుకున్నాను. విద్య దాచిపెట్టుకుని పోయాడని పెదనాయన మీద బతుకంతా కోపం పెట్టుకున్న మనిషి, ఆఖరికి తనూ దాన్ని పట్టుకునే మట్టిలోకి పోయాడు. ఆయనతో ఆ పని చేయించింది నేను. అడ్వాన్సు ఇచ్చాను. రసీదు తీసుకున్నాను. విగ్రహం ఎత్తు ఎంతుండాలో కూడా చెప్పాను. అవన్నీ ఎట్లా చేశానో నాకే తెలియదు.

అప్పుడైనా చెప్పానా? లేదు. ఇక చెప్పి ఏం లాభం అనుకున్నాను. పుస్తకం మట్టిలో పోయాక మెయిలుతో పనేముంది? పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు ఇంకో నాలుగేళ్లు తాగాను. మేడం రెండేళ్ల కిందట రిటైరైంది. సన్మాన సభలో శాలువా కప్పింది కూడా నేనే.

ఇప్పుడెందుకు బయటపెడుతున్నావు అని అడుగుతారు. పశ్చాత్తాపం అని చెప్పుకుంటే బాగుంటుంది. పూర్తిగా నిజం కాదు. నెలాఖరుకు ఆ మెయిలు ఖాతా నా తరువాత వచ్చేవాళ్లకు అప్పగించాలి. వాళ్లు చూస్తారు. ఇంకొకరు తవ్వి తీసేకన్నా నేనే తీస్తే మేలని లెక్క వేసుకున్నాను. చెరిపేయొచ్చు కదా? వేలు ఆ బటన్ మీదే పెట్టి చాలాసేపు కూచున్నాను. నొక్కడంలో నన్ను మించినవాడు లేడు కదా. ఈసారి మాత్రం నొక్కలేకపోయాను.

పోయిన సోమవారం సుభద్ర మేడం రాతప్రతి వెతికి తీశాను. నేను టైపు చేసినదాన్ని ఆమె సరిదిద్ది, చివరి పేజీ చేర్చి పెన్‌డ్రైవులో తెచ్చి ఇచ్చిన ఆఖరి ప్రతి. అప్పుడు తెరిచి చూడకుండానే పత్రికకు పంపేశాను. పైకెక్కించే ముందు చదవాలనిపించింది. ఆ అలవాటు నాకు ఈ మధ్యే వచ్చింది. చివరి పేజీ దాకా వచ్చాను. కృతజ్ఞతలు. అచ్చులో రెండు పంక్తులు ఉన్నవి ఇక్కడ ఏడు పంక్తులు ఉన్నాయి. వీరాచారి తరువాత పేరు నాది. నా చేతుల వల్లే ఈ వ్యాసం వెలుగు చూసిందని, నా ఋణం తీర్చుకోలేనని రాసింది.

పత్రికవాళ్లు స్థలం చాలక కుదించారు. కుదించిన పేజీలు, సరిచూడండి అని నాకే పంపారు. ‘అంతా సరే’ అని నొక్కింది నేనే. నా పేరును నా చేత్తోనే కొట్టేసి, ఆమె రాయలేదని ముల్లు పెట్టుకున్నాను. ఆ రోజు ఆ కొట్టంలో ‘కాదు’ అన్న మాటలో సిగ్గు ఎంత, ఆ ముల్లు ఎంత? ఎన్నిసార్లు అడుక్కున్నా నాకు జవాబు రావడం లేదు. తల రెండు చేతులతో పట్టుకుని కూచుండిపోయాను. అటెండరు వచ్చి, ఏమైంది సార్, బీపీనా అని అడిగాడు.

రిపాజిటరీ ఫారం తెరిచాను. దాన్ని తయారు చేసింది నేనే. వ్యాసం పేరు, రచయిత, ఏ ప్రతి, అనుమతి వచ్చిన తేదీ. చివర ఎర్ర చుక్కతో ఒక గడి ఉంటుంది. ‘ఆలస్యానికి కారణం.’ అది నింపకపోతే ఫారం ముందుకు కదలదు. వ్యాసాలు సకాలంలో ఇవ్వని అధ్యాపకులు సిగ్గుపడాలని పెట్టాను. రాసింది వ్యాసం కిందే అందరికీ కనిపిస్తుంది. జ్వరం అని, ఎలక్షన్ డ్యూటీ అని, కూతురి పెళ్లి అని వాళ్లు రాస్తే చదువుకుని నవ్వుకునేవాణ్ని.

అనుమతి తేదీ దగ్గర అసలు తేదీ వేశాను. ఆ మెయిలు జతచేశాను. గడిలో మొదట ‘పరిపాలనా కారణాలు’ అని కొట్టాను. చెరిపేశాను. తరువాత ఇట్లా రాశాను: ‘అనుమతి ఉందని తెలిసి కూడా గ్రంథాలయ అధికారి రచయితకు చెప్పలేదు. అడిగిన శిల్పికి లేదని అబద్ధం చెప్పాడు. రాళ్ల పుస్తకం అందువల్ల పోయింది.’

ఏది పెట్టాలన్నా రచయిత ఒప్పుకోవాలి కదా. ఫారం ఆమె సొంత మెయిలుకు వెళ్లింది. ఆమె ఏ గడినైనా మార్చవచ్చు, కొట్టేయవచ్చు, మొత్తం వద్దనవచ్చు. ఆ హక్కు ఆమెది. ఆమె ఇల్లు కాలేజీ నుంచి ఆటోలో ఐదు నిమిషాలు. పోలేదు. ఫోను కూడా చేయలేదు. నా ధైర్యం ఇంతే.

మంగళవారం ఏమీ లేదు. బుధవారం ఏమీ లేదు. గురువారం పదకొండు గంటలకు రచయిత ఆమోదించారని వచ్చింది. ఫోను మోగుతుందేమో అని సాయంత్రం దాకా చూశాను. మోగలేదు. ఇకముందు కూడా మోగదనుకుంటాను.

పేజీ తెరిచాను. ఏ డబ్బూ అడగకుండా తెరుచుకుంది. లింకు రాజ్యంకు పంపాను. తరువాత వ్యాసం మొదటి అక్షరం నుంచి చదివాను. చివర ఆమె నాకు చెప్పిన కృతజ్ఞత ఉంది. దాని కింద నేను రాసిన కారణం ఉంది. రెండింటిలో ఏదైనా తీసేయొచ్చు. ఆమె రెండూ ఉంచింది.